బ్రేకు మీద కాలు

మాల్యాద్రికి ఈ మధ్య అన్నం సయించడం లేదు. ఒంట్లో జబ్బేమీ లేదు. ఉస్తాద్ నోటి నుంచి ఒక్కసారైనా 'శెబాష్' అనిపించుకోవాలని ఆశ. అది తీరకపోవడమే దిగులు.

ఉస్తాద్ అంటే మౌలాలి సాహెబ్. శ్రీశైలం ఘాటు రోడ్డు మొదలయ్యే చోట, దోర్నాల దాటాక ఆయన షెడ్డు. మిలటరీ వాళ్లు వాడుకుని వేలంలో అమ్మేసిన పాత లారీలు కొనుక్కొచ్చి, బాగుచేసి, ముందు బంపరు మీద వించి బిగించి, లోయలోకి జారిన బళ్లను పైకి లాగడం ఆయన పని. వించి అంటే ఇనప తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము. లారీ ఇంజనే దాన్ని తిప్పుతుంది. ఆ లారీలకు సామాను ఏ బజారులోనూ దొరకదు. అరిగిన ప్రతి ముక్కనూ లేతు మీద కొత్తగా తీయించుకోవాల్సిందే. అయినా ఉస్తాద్‌కు అవంటే ప్రాణం. అన్నిట్లోకీ పెద్దదానికి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. పొద్దున్నే దానికి సలాం కొట్టనిదే టీ తాగడు.

మాల్యాద్రి చేసిన పని దేన్నీ ఆయన ఒక్కసారికి ఒప్పుకున్న పాపాన పోలేదు. గేరుబాక్సు దించి ఎక్కిస్తే, చెవి ఆనించి విని, "విప్పు, మళ్లీ బిగించు" అనేవాడు. వానలో, బురదలో లారీ కింద దూరాల్సి వస్తే పిలుపు మాల్యాద్రికే. నిన్నగాక మొన్న చేరిన ఓబులేసు మాత్రం నట్టు తిన్నగా తిప్పినా చాలు, "శెబాష్ బేటా!" అని వీపు తట్టేవాడు. అది విన్నప్పుడల్లా మాల్యాద్రికి పుండు మీద కారం చల్లినట్టుండేది.

ఇంతలో మార్కాపురం నుంచి కబురొచ్చింది. అక్కడ కొత్తగా పెడుతున్న షెడ్డుకు పెద్ద మేస్త్రీగా రమ్మన్నారు. వెళ్లాలనే ఉంది. కానీ ఉస్తాద్ దృష్టిలో పనికిరానివాడిగా మిగిలిపోయి, చేతగాక పారిపోయినట్టు వెళ్లడానికి మనసొప్పలేదు. అందుకని ఆ కబురు కడుపులోనే దాచుకుని తిరుగుతున్నాడు.

ఒకరోజు దొరసానికి కొత్త తాడు వచ్చింది. పాతదానికంటే లావు, పొడవు. దానికి తగ్గట్టు మాల్యాద్రి వించిలో ఇరుసు తిరిగే బుష్షులన్నీ మార్చి, గ్రీజు పెట్టి, నడుం పట్టుకుని లేచాడు. ఉస్తాద్ డ్రమ్మును చేత్తో తిప్పి చూశాడు.

"విప్పు, మళ్లీ బిగించు."

మాల్యాద్రి పానా కింద పారేశాడు.

"ఉస్తాద్, ఒక మాట అడగాల. అందరికీ తేలిక పని, నాకేమో బండెడు బరువు. వాడికి శెబాష్‌లు, నాకు విప్పడాలు. నేనేం పాపం చేసినాను?"

ఓబులేసు మెల్లగా లారీ చాటుకు తప్పుకున్నాడు.

ఉస్తాద్‌కు కోపం రాలేదు. గడ్డం గోక్కుని, "నిజమే రా," అన్నాడు. "ఈ పూట నీకు బరువొద్దులే. బుష్షుల సంగతి నేను చూసుకుంటా. నువ్వు కొత్త తాడు చుట్టు. నీకెట్టా ఇష్టమైతే అట్టా, హాయిగా చుట్టు."

మాల్యాద్రి షెడ్డులో చేరాక దొరసానికి తాడు మార్చడం ఇదే మొదలు. పాత తాడు బళ్లను లాగుతూ తనంతట తానే చుట్టుకునేది. ఖాళీ డ్రమ్ముకు తాడు చుట్టే పని ఎప్పుడూ పడలేదు. అయినా అదేం బ్రహ్మవిద్య అనుకున్నాడు. ఉస్తాద్ బుష్షులు సరిచేశాక ఓబులేసును ఇంజను దగ్గర కూర్చోబెట్టి, తాడును చేతుల్లోంచి వదులుగా జారనిస్తూ, వరస పక్కన వరస పేర్చుకుంటూ పోయాడు. చెమట కూడా పట్టలేదు. డ్రమ్ము కొత్త దారపు రీలులా ముచ్చటగా తయారైంది.

"శెబాష్!" అన్నాడు ఉస్తాద్.

మాల్యాద్రి మొహం చేటంత అయింది. ఉస్తాద్ మిరపకాయ బజ్జీలు కూడా తెప్పించాడు. మాల్యాద్రి ఆకలి తీరా తిని, ఓబులేసు వాటాలోవి రెండు లాక్కున్నాడు. మార్కాపురం మాట ఇప్పుడే చెప్పేద్దామా అనుకున్నాడు కూడా.

టీ గ్లాసు కింద పెట్టి ఉస్తాద్ షెడ్డు ముందున్న వాలు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ రాళ్ల లోడుతో ఇంకో మిలటరీ లారీ నిలబడి ఉంది.

"దాన్ని పైకి లాగు."

మాల్యాద్రి కొంత తాడు లాక్కెళ్లి ఆ లారీకి కొక్కెం తగిలించి వచ్చాడు. ఓబులేసు వించి గేరు వేశాడు. తాడు బిగుసుకుంది. రాళ్ల లారీ కొంచెం కదిలిందో లేదో, డ్రమ్ము కిర్రుమంది. బిగుసుకున్న పై వరస తాడు వదులుగా ఉన్న కింది వరసలను పక్కకు నెట్టి, వాటి సందుల్లోకి దిగబడిపోయింది. ఇక అటూ రాలేదు, ఇటూ రాలేదు.

గడ్డపార పెట్టి దాన్ని పెకలించేసరికి పొద్దు వాలింది. ఉస్తాద్ పీట మీద కూర్చుని కూనిరాగం తీస్తున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది మాల్యాద్రికి.

"అంత అందంగా చుట్టినావు గదన్నా," అన్నాడు ఓబులేసు జాలిగా.

"నోరు ముయ్యి," అన్నాడు మాల్యాద్రి.

తాడంతా బయటికి లాగి వాలు పొడవునా పరిచాక ఉస్తాద్ లేచాడు. మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి రాళ్ల లారీ ఎక్కి స్టీరింగు ముందు కూర్చుని, దాన్ని తాడు కొస దాకా కిందికి దించాడు.

"తాడు దీనికి తగిలించు. నన్ను పైకి లాక్కో. తొందర లేదు."

వించి తిరిగింది. లారీ అంగుళం అంగుళం ఎక్కుతోంది. తాడు వదులైతే ఉస్తాద్ బ్రేకు కొంచెం నొక్కేవాడు. దొరసాని ఇంజను మూలిగితే కొంచెం వదిలేవాడు. మాల్యాద్రి పక్కగా నిలబడి కర్రతో వరసలు సర్దుతున్నాడు. ఈసారి ఒక్కో వరసా కరుచుకుని కూర్చుంటోంది.

మధ్యలో ఒకసారి తలెత్తి చూశాడు. లారీ ముందు అద్దం వెనక ఉస్తాద్ తాడును చూడటం లేదు. మాల్యాద్రినే చూస్తున్నాడు. కూనిరాగం ఆగిపోయింది. నుదుటి మీద చెమట.

వానలో తాను లారీ కింద పడుకుని పనిచేసిన రోజులు మాల్యాద్రికి గుర్తొచ్చాయి. అక్కణ్ణుంచి తలతిప్పి ఎప్పుడు చూసినా పక్కనే రెండు కాళ్లు, పైజామా తడిసి ముద్దయి, కదలకుండా కనపడేవి. అతనికి ఎందుకో కళ్లు మసకబారాయి. కర్ర గట్టిగా పట్టుకున్నాడు.

తాడు మొత్తం ఎక్కింది. ఓబులేసు ఇంజను ఆపి, దిగి, డ్రమ్మును పానాతో తట్టి చూశాడు. రాయిని తట్టినట్టుంది.

"ఈసారి శెబాష్ అన్లేదేంది ఉస్తాద్?"

"ఆ మాట మార్కాపురం వాళ్లకు ఎప్పుడో చెప్పినా," అన్నాడు ఉస్తాద్ లారీ తలుపు తీస్తూ.

మాల్యాద్రి చేతిలో కర్ర జారిపోయింది.

ఉస్తాద్ ఒక కాలు కింద పెట్టాడు. రెండోది కదల్లేదు. పిక్క పట్టుకుని మెట్టు మీదే కూలబడి, నొప్పితో మొహం చిట్లించి, అంతలోనే పకపకా నవ్వాడు.

"కాలు పట్టేసింది రా. ఇంతసేపూ బ్రేకు మీదే ఉండె గదా."

మాల్యాద్రి పరుగున వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆ కాలిని ఒళ్లోకి తీసుకుని, తలొంచుకుని పిక్క నొక్కసాగాడు.

ఉస్తాద్ అతని తల మీద చెయ్యి వేశాడు.

"బరువు నీకొక్కడికే అనుకుంటివా బేటా?"