అడిగింది కదా తాతా

నేను ఇంతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతి దాకా చదివినాను. ఆ తర్వాత రాసిందంతా జాకెట్ల కొలతలే. తప్పులుంటే మన్నించండి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది రాయచోటికి పోయే రోడ్డు మీద ఊరు. ఇంటికి రోడ్డువైపు ఉండే ముందు గదిలో మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. మా ఇంటాయన లారీ మీద పోతాడు. ఇంట్లో ఉండే దినాలు తక్కువ.

ఆ ముందు గది మీద మా మరిది రెడ్డెయ్య కన్ను పడింది. కొత్తగా సిమెంటు వ్యాపారం మొదలుపెట్టినాడు. బస్తాలు వేసుకునేదానికి రోడ్డు పక్క గది కావాలన్నాడు.

"ఒదినా, నీ మిషను ఎనక వరండాలో పెట్టుకుంటే ఏమైతుంది? బట్టలు యాడైనా కుట్టచ్చు కదా" అన్నాడు.

నేను ఊ అనలేదు. ఊహూ అనలేదు. తల వంచుకొని కాజాలు కుట్టుకుంటా ఉండిపోయినాను. శుక్రవారం పొద్దున బస్తాలు తెస్తానని చెప్పి ఆయప్ప పోయినాడు.

వెనక వరండాలో మిషను పెడితే నా దగ్గరికి ఎవరొస్తారు? రోడ్డు మీద పోయే ఆడవాళ్లు మిషను చప్పుడు విని లోపలికి తొంగిచూస్తారు. అట్ల వచ్చినవాళ్లే నాకు అన్నం పెట్టేది. ఆ సంగతి నాకు తెలుసు. నోటికే రాలేదు. మా ఇంటాయనకు ఫోన్ చేస్తే, "ఆడ ఇంట్లో ఉండేది నువ్వు. నువ్వే చెప్పు" అని పెట్టేసినాడు. ఇంక చేసేదేముందని బుధవారమే మిషను వరండాలోకి జరిపేసినాను.

ఇది ఇట్లుండగా, దీనికి కొన్ని నెలల ముందు నుంచే నా ఫోనుతో ఇంకొక తలనొప్పి.

ఈ కాలం ఆడవాళ్లు ఫలానా మెడ కావాల, ఫలానా చేతులు కావాల అంటారు. ఆ బొమ్మలు ఫోన్లో వెతికి చూసుకుంటాను. ఫోన్లో మాటలన్నీ తెలుగులోకి మార్చి పెట్టుకున్నాను, కూడబలుక్కొని చదువుతాను. బాగానే ఉండింది. ఉండుండి ఒకనాటి నుంచి టింగు టింగుమని మోగడం మొదలుపెట్టింది. మీకు కారొచ్చింది అంటుంది. మీకు అప్పిస్తాం అంటుంది. మీ జాతకంలో గండముంది, వెంటనే చూడండి అంటుంది. లారీ మనిషి ఎప్పుడు ఫోన్ చేస్తాడో తెలియదు కాబట్టి చప్పుడు లేకుండా పెట్టేదానికి లేదు.

ఇంట్లో మోగితే పోనీలే అనుకుందును. గురువుగారి దగ్గర మోగేది.

మా గురువు ఫకీరయ్య తాత. దూదేకులాయన. దిండ్లు, పరుపులు చేసి బతుకుతాడు. బేస్తవారం సాయంత్రమైతే ఆయన కొట్టంలో కొంతమందిమి కూర్చుంటాము. హిందువులు ఉంటారు, సాయిబులు ఉంటారు. నాలుగు తత్వాలు పాడుకొని, తర్వాత కాసేపు కండ్లు మూసుకొని ఊరకుంటాము. సరిగ్గా ఆ ఊరకున్నప్పుడే నా ఫోను టింగుమనేది.

"అక్కా, మళ్లా కారొచ్చినట్టుందే. డ్రైవరుగా నన్ను పెట్టుకో" అనేవాడు ఓబులేసు. ఆయనకు బస్టాండులో సెల్లు షాపు ఉంది. అందరూ నవ్వేవాళ్లు. నేను ఫోనును కొంగులో చుట్టి దాచుకునేదాన్ని.

ఓబులేసు ఎగతాళి చేసినా మంచోడే. ఫోను తీసుకొని చూసి, "అక్కా, నువ్వు బొమ్మలు చూసేది క్రోమ్‌లో. దీన్ని బ్రౌజర్ అంటారు. అందరి ఫోన్లలోనూ కొన్నప్పుడే ఉంటుంది కాబట్టి అందరూ ఇదే వాడతారు. దీన్ని ఆపేస్తా. ఫైర్‌ఫాక్స్ ఎక్కిస్తా. దానికి ఇంకొకటి తగిలిస్తే ప్రకటనలు రావు" అన్నాడు. నిజమే, బొమ్మల మధ్యలో వచ్చే ప్రకటనలు పోయినాయి. నేను దాచుకున్న మెడల బొమ్మలు కూడా పాతదాంట్లోనే ఉండిపోయినాయి, మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నాను. కొన్నాళ్లు నిమ్మళంగా ఉండింది. తర్వాత టింగు.

అప్పుడు టీచరమ్మ పట్టుకుంది నన్ను. వసుంధర టీచరమ్మ హైస్కూల్లో లెక్కలు చెప్తుంది, ఆమె కూడా తాత శిష్యురాలే.

"ఓబులేసు మాట విని చెడిపోయినావు. బ్రేవ్ వేసుకో తిరుపాలమ్మా. తగిలించే పనే ఉండదు, ప్రకటనలు అదే కత్తిరిస్తుంది."

వేసుకున్నాను. కొన్నాళ్లు బాగుండింది. తర్వాత టింగు.

"చెప్తినా? టీచరమ్మ లెక్క తప్పింది" అని ఓబులేసు ఒపేరా ఎక్కించినాడు. అదీ అంతే. మార్చిన ప్రతిసారీ పాతది తీసేసేవాళ్లు. మార్చిన ప్రతిసారీ నా బొమ్మలు పోయేవి.

బస్తాలు తెస్తానన్న శుక్రవారానికి ముందు సాయంత్రం, కొట్టంలో అందరం కండ్లు మూసుకొని ఉన్నాము. నేను కండ్లు మూసుకున్నానే గానీ లోపల రెడ్డెయ్య, బస్తాలు, ఎనక వరండా. అప్పుడే టింగుమంది. ఒకటి కాదు, వరసగా మోగింది.

ఇంక ఎవరూ కండ్లు మూసుకోలేదు.

"ఒపేరా పనికిరాదంటే విన్నావా ఓబులేసూ?"

"నీ బ్రేవ్‌లో మోగలేదా టీచరమ్మా? ఫైర్‌ఫాక్సే ఉంచుంటే ఇంత దూరం వచ్చేదే కాదు."

"అది ఆమె ఫోన్లో బరువుగా నడుస్తుందని చెప్పింది నువ్వే కదా? ఎడ్జ్ వేయి. పేజీని పైకి చదివి వినిపిస్తుంది. చదువు తక్కువున్నోళ్లకు అదే మేలు."

"ఆమెకేం కావాల్నో ఆమెను చెప్పనీ."

"నువ్వు చెప్పనిస్తే కదా!"

తాత అంతవరకు దూదిలో గింజలు ఏరుకుంటా కూర్చోనున్నాడు. తల ఎత్తకుండానే అడిగినాడు.

"ఏం పేర్లబ్బీ అవి?"

"బ్రౌజర్లు తాతా. ఫైర్‌ఫాక్స్‌కు నక్క బొమ్మ ఉంటుంది. బ్రేవ్‌కు సింహం బొమ్మ."

"జాకెట్లు కుట్టుకునే మనిషికి ఈ అడవెందుకురా?"

అందరూ నవ్వినారు. నేనెప్పుడూ తాతను ఏదీ అడిగి ఎరగను. ఆ నవ్వుల్లో ఎట్లనో ధైర్యం వచ్చింది.

"తాతా, వీటిల్లో ఏది మంచిదో మీరే చెప్పండి. మీరు చెప్పిందే ఉంచుకుంటాను."

"నాకు ఫోను ఎత్తి మాట్లాడేది తప్ప ఏం తెలీదు తల్లీ. ఓబులేసూ, ఇంతవరకు ఎక్కించంది ఏదన్నా ఉందా?"

"టీచరమ్మ చెప్పే ఎడ్జ్ ఒకటుంది తాతా."

"దాన్నే ఎక్కించు."

ఓబులేసు మొగం ముడుచుకొని ఎక్కించినాడు. టీచరమ్మ గెలిచినట్టు చూసింది. తాత చేతులు దులుపుకొని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడు నువ్వు ఇంట్లో ఎట్ల చూస్తావో అట్ల చూడు. మేమెవ్వరం మాట్లాడం."

బోట్ నెక్కు జాకెట్లు చూపించమని ఫోనును అడిగినాను. బొమ్మలు వచ్చినాయి. ఒకదాన్ని తాకినాను. పేజీ తెరుచుకుంది. తెరుచుకోగానే ఎప్పటి మాదిరే ఒక చిన్న చీటీ లేచింది. నేను దాని మీద నొక్కేసి కిందికి పోతున్నాను.

"ఆగు తల్లీ. ఏందది?"

"ఏదో అడిగింది తాతా."

"ఏమడిగింది?"

"నోటిఫికేషన్లు పంపించేదానికి అనుమతి ఇస్తారా అని. ఎప్పుడూ అడుగుతుంది."

"నువ్వేం నొక్కినావు?"

"అనుమతించు."

"ఇంకేమీ లేదా నొక్కేదానికి?"

"బ్లాక్ చేయి అని ఉంటుంది పక్కన."

"మరి ఇదే ఎందుకు నొక్కినావు?"

నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"అడిగింది కదా తాతా" అన్నాను.

ఓబులేసు నెత్తి కొట్టుకున్నాడు. "అక్కో! అన్నిట్లోనూ అదే నొక్కినావా? నక్కలోనూ, సింహంలోనూ?"

"అడిగినోళ్లను కాదంటే ఏం బాగుంటుంది ఓబులేసూ."

కొట్టం అదిరిపోయేటట్టు నవ్వినారు. టీచరమ్మ కండ్లు తుడుచుకుంది. ఓబులేసు వివరించి చెప్పబోతే తాత చెయ్యెత్తి ఆపినాడు. ఆయనొక్కడే నవ్వలేదు.

"పాఠాలు తర్వాత. దిండు ఒకటి నింపాల. రా తల్లీ, గలీబు పట్టుకో."

ఆ గలీబు నేను కుట్టి ఇచ్చిందే. తాత దిండ్లకు గలీబులు నేనే కుడతాను. రెండు చేతులా మూతి తెరిచి పట్టుకొని నిలబడినాను.

"చాలనిపిస్తే చెప్పు" అని తాత నింపడం మొదలుపెట్టినాడు.

మొదట మంచి బూరుగు దూది. పిడికెడు పిడికెడు తీసి మూలల దాకా తోసినాడు. దిండు నిండింది. నిండిన దిండు చేతికి తెలుస్తుంది. తాత మొగం చూసినాను. ఆయన నన్ను చూడలేదు. ఇంకా దూది పెట్టినాడు. దూది అయిపోతే ఏరి పక్కన పోసిన గింజలు ఎత్తి పోసినాడు. తర్వాత పుల్లలు, తొక్కలు. తర్వాత పాత పరుపు చింపిన గుడ్డ పేలికలు.

"తాతా..." అన్నాడు ఓబులేసు.

తాత వాకిట్లోకి పోయి అరిగిన చెప్పు ఒకటి తెచ్చినాడు. అది కూడా లోపలికి తోసినాడు. ఇప్పుడెవరూ నవ్వలేదు. నేను మూతి పట్టుకొని అట్లనే ఉన్నాను. వేళ్లు నొప్పి పుడుతున్నాయి. తాత రెండో చెప్పు తెచ్చి, మోకాలు అడ్డం పెట్టి అదిమినాడు.

కుట్టు పోయే చప్పుడు నాకు అందరికంటే ముందు తెలుస్తుంది. పటపటమని ఒక పక్క అంతా విచ్చుకుపోయింది. బూరుగు దూది కొట్టమంతా లేచింది. టీచరమ్మ తలలో, ఓబులేసు మీసాల మీద, తాత గడ్డంలో, కింద పెట్టిన నా ఫోను మీద. గింజలు దొర్లిపోయినాయి. చెప్పులు రెండూ నా కాళ్ల దగ్గర పడినాయి.

నాకు ఏడుపొచ్చినంత పని అయింది.

"చాలనిపించలేదా తల్లీ?"

"ఎప్పుడో అనిపించింది తాతా."

"మరి చెప్పలేదే?"

"పెడతా ఉండేది మీరు. మీకెట్ల చెప్పేది?"

"నేనైనా సరే" అన్నాడు తాత.

గడ్డంలో దూది అట్లనే ఉంది. తీసుకోలేదు. వంగి చినిగిన గలీబు ఎత్తి, దులిపి, మడిచి నా చేతిలో పెట్టినాడు.

"కుట్టు బాగానే వేసినావు తల్లీ. నోరే కుట్టుకున్నావు."

అంతే. పోయి మళ్లా గింజలు ఏరుకుంటా కూర్చున్నాడు. అందరం వంగి దూది ఏరినాము. ఏరేటప్పుడు ఓబులేసు మెల్లగా నా పక్కకొచ్చి, "అక్కా, ఇన్ని దినాలు మార్చినానే గానీ నువ్వు ఎట్ల చూస్తావో ఒకసారి కూడా చూడలేదు" అన్నాడు. అనుమతించు అని నొక్కినందుకే ఆ టింగులు వస్తాయని చెప్పి, ఇచ్చిన అనుమతులు ఫోన్లో యాడ ఉంటాయో, ఎట్ల తీసేయాలో చూపించినాడు. టీచరమ్మ తలలో దూది దువ్వుకుంటా ఉండింది.

రెడ్డెయ్య సంగతి నేను తాతకు చెప్పలేదు. ఇంకెవరన్నా చెప్పినారేమో నాకు తెలియదు.

ఫోన్లో ఆ సాయంత్రం ఎక్కించిందే ఇప్పటికీ ఉంది. దానికంటే నక్క మేలో, సింహం మేలో నేను చెప్పలేను.

మరునాడు పొద్దున్నే లేచి మొగం కడుక్కొని, ఫోన్లో ఓబులేసు చూపించిన చోటు తెరిచినాను. నేను అనుమతించినది ఒకటి ఉంది. 'బ్లాక్ చేయి' నొక్కినాను. నొక్కేటప్పుడు ఎవరినో వాకిట్లో నుంచి పంపించేసినట్టే అనిపించింది. ఏమీ కాలేదు. ఫోను ఊరకే ఉంది.

తర్వాత వరండాలోకి పోయి మిషను పట్టుకున్నాను. ఒక్కదాన్నే ఈడ్చుకొచ్చి ముందు గదిలో పాత చోటే పెట్టినాను. గలీబు తెచ్చి మిషను మీద వేసుకున్నాను.

ట్రాక్టరు వచ్చి వాకిట్లో ఆగింది. రెడ్డెయ్య దిగి లోపలికి చూసినాడు.

"ఏం ఒదినా, మిషను మళ్లా ఈడికొచ్చింది? సరేలే, పక్కకు జరుపు. బస్తాలు దింపిస్తా."

"వద్దు" అన్నాను.

ట్రాక్టరు చప్పుడుకు వినపడలేదు. "ఆఁ?" అన్నాడు.

"వద్దు రెడ్డెయ్యా. ఈ గదిలో నేను కుట్టుకోవాల."

ఆయప్ప ఒకసారి ట్రాక్టరు వైపు, ఒకసారి నా వైపు చూసినాడు. నేను ఆ మాట అంటానని అనుకోలేదేమో. నేనూ అనుకోలేదు.

"ఆ మాటేదో ముందే చెప్పుంటే అయిపోయేది కదా ఒదినా! ట్రాక్టరోణ్ణి పిలుచుకొని వస్తినే."

"నిజమే. ముందే చెప్పుండాల్సింది."

గొణుక్కుంటా పోయి ట్రాక్టరు ఎక్కినాడు. అది వెనక్కి తిరిగి రోడ్డెక్కేదాకా నేను లేవలేదు. సూదిలో దారం ఎక్కలేదు. మళ్లా తడి చేసి ఎక్కించినాను. గలీబు విచ్చుకుపోయిన పక్కంతా రెండు వరసలు కుట్టినాను. మూతి మాత్రం తెరిచి పెట్టినాను.