రాజుగారి పడకగదిలో నెగడు

సముద్రపు ఒడ్డున రాజధాని, పడమటి కొసన మంచు కురిసే కొండలు ఉన్న ఒకానొక రాజ్యంలో ఘనశేఖరుడనే రాజు ఉండేవాడు. తాను తుమ్మినా అది శాసనమేనని ఆయన నమ్మకం.

రాజధానిలో ఇల్లాళ్లు అన్నం వార్చగానే పొయ్యి ఆర్పేస్తారనీ, కొండమీది ఇళ్లలో మాత్రం పగలూ రాత్రీ కట్టెలు మండుతూనే ఉంటాయనీ ఎవరో ఆయన చెవిన వేశారు.

“ఎంత దుబారా! ఇకమీదట నా రాజ్యంలో అన్ని ఇళ్లలోనూ కట్టెలు ఒకే లెక్కన కాలాలి!” అన్నాడు రాజు. సభంతా ఆహా ఓహో అంది.

ఇల్లిల్లూ తిరిగి ఆ లెక్క అమలు చేసే పని ముసలి విదూషకుడు కూర్మయ్య నెత్తిన పడింది. ఈ రాజునీ, ఈయన తండ్రినీ నవ్వించీ నవ్వించీ అలిసిపోయిన మనిషి. మోకాళ్లు పట్టుకుని, ఉస్సురంటూ కొండెక్కాడు.

పుష్యమాసం. కొండమీద మొదటి గుడిసెలో సింగారి అనే బాలింత, పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని నెగడు పక్కన కూర్చుని ఉంది. బొడ్డూడేదాకా ఆ ఇంట నిప్పు ఆరకూడదని వాళ్ల ఆచారం.

కూర్మయ్య రాజాజ్ఞ చెప్పగానే, “ఆర్పేత్తావేటి తాతా? పిల్ల సల్లబడిపోద్ది,” అంది బెదురుగా.

ఆ సెగకి కూర్మయ్య మోకాళ్లు కాస్త సర్దుకున్నాయి. లేవబుద్ధి కాలేదు పాపం.

“ఇంకో మొద్దు వేసుకో తల్లీ. నేను లెక్క చూసి పోదామని వచ్చానంతే.”

కొండ దిగి వచ్చాక, రాజు భోంచేసి కునుకు తీస్తున్న వేళ చూసి, రాజాజ్ఞ అని కావలివాళ్లకు చెప్పి లోపలికి వెళ్లాడు. మంచం పక్కనే చింతమొద్దులు పేర్చి నెగడు రాజేశాడు.

రాజు చెమటలు కక్కుతూ లేచాడు. “ఓరి కూర్మయ్యా! బతికుండగానే నన్ను కాల్చేస్తావట్రా?”

“అపచారం ప్రభూ! అన్ని ఇళ్లకూ ఒకే లెక్క అన్నారు. ఏ ఇంటి లెక్కో సెలవివ్వలేదు. కొండమీద బాలింత ఇంటి లెక్క పట్టుకొచ్చాను. ముందు తమ ఇల్లు, తర్వాత ఊరంతా.”

“ఈ సముద్రపు ఒడ్డు ఉక్కలో మాకు నెగడెందుకురా?”

“అక్కరలేదు ప్రభూ. వాళ్లకి కావాలి.” కూర్మయ్య స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. “తమ గది చల్లబడాలంటే కడివెడు నీళ్లు చాలు. ఆ పసిగుడ్డు చల్లబడితే మళ్లీ వేడెక్కించడానికి తమ శాసనం చాలదు.”

రాజు ఎదుట అద్దంలో చూసుకున్నాడు. మసి పట్టిన ముఖం, చెమటకి వేలాడిపోయిన మీసం. ముందు పెదవి వణికింది, ఆ తర్వాత పగలబడి నవ్వాడు.

“నీళ్లు తెండర్రా! ముందు ఈ నెగడు ఆర్పండి, ఆ చేత్తోనే నా శాసనమూ ఆర్పండి. ఎవరి చలికి తగ్గట్టు వాళ్లు కాల్చుకోమని కొండమీద చాటింపు వేయించండి!”

మెడలో హారం తీసి, “ఇదిగో కూర్మయ్యా!” అని ఇవ్వబోయాడు. కూర్మయ్య అప్పటికే గురక పెడుతున్నాడు.

రాజు హారాన్ని చప్పుడు కాకుండా ఆయన ఒళ్లో పెట్టాడు. పరుగున వచ్చి తనకు వింజామర వీస్తున్న దాసీలతో, “నాకు కాదమ్మా, అటు విసరండి,” అన్నాడు మెల్లగా.