గోడ వెనక మంగాయమ్మ

2016 జులై 12, మంగళవారం. పొద్దుటినుంచీ ముసురు. చెమ్మ తగిలితే పూతరేకు మెత్తబడిపోతుంది కాబట్టి, రేకులు తీసేవాళ్ళు ఆకాశాన్ని తిట్టుకునే రోజు. ఆ తడిలోనే సూరమ్మ ఆత్రేయపురం నుంచి రావులపాలెం వచ్చి, విశ్వపతి మాస్టారి మేడమెట్లెక్కి, గొడుగు గుమ్మంలో వదిలింది.

"మా పూతరేకుల వెబ్‌సైట్లో ఫొటో మార్చాలి మాస్టారూ. నా పక్కన కూర్చున్నదాన్ని తీసెయ్యండి" అంది.

మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఉచితంగా దొరికే గింప్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లకు బొమ్మలు సరిచేసేవారు. పక్క కుర్చీలో శిష్యుడు అప్పలస్వామి, నలభై దాటినవాడు. ఒకప్పుడు కొట్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చాక కుంచెలు అటకెక్కాయి. అతని అక్షరాల పొందిక ఇప్పటి ఫ్లెక్సీల్లో వెతికినా కనిపించదు. సరే, అది వేరే సంగతి.

ఫొటోలో బోర్లించిన కుండకు అటూ ఇటూ ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె సూరమ్మ పిండిలో ముంచిన గుడ్డను వేడి కుండమీద పరుస్తోంది. చిన్నామె మంగాయమ్మ అప్పుడే తీసిన రేకు పట్టుకుని నవ్వుతోంది. బెల్లం రేకులా పంచదార రేకులా అన్న దగ్గర మొదలైన మాట, మంగాయమ్మ వేరే పొయ్యి పెట్టుకునేదాకా వెళ్ళింది.

అప్పలస్వామి వెనకగోడ ముక్కను కాపీ చేసి మంగాయమ్మ మీద పరిచాడు. మనిషి పోయింది. ఆమె పట్టుకున్న రేకు మాత్రం మిగిలింది.

"రేకు గాల్లో తేలుతోందమ్మా" అన్నాడు.

"తేలనీ బాబూ. దాని చెయ్యి మాత్రం నాకొద్దు."

చివరికి ఆ రేకునూ గోడతో కప్పేశారు. సూరమ్మ వెళ్ళాక అప్పలస్వామి అంతా కలిపి ఒకే బొమ్మ చెయ్యబోతే మాస్టారు ఆపారు. గింప్‌లో బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది. మాస్టారు వాటిని రేకులనే పిలిచేవారు. పై రేకు గోడ, కింది రేకు మంగాయమ్మ. కలిపిన నకలొకటి వెబ్‌సైటుకు పంపి, అసలు ఫైలు అలాగే ఉంచమన్నారు.

"తియ్యమన్న మనిషిని కింద దాచిపెట్టడం మోసం కాదాండీ?" అన్నాడు అప్పలస్వామి. "బోర్డుమీద పేరు మార్చమంటే పాతపేరు గీకి పారేసేవాణ్ణి నేను."

ప్రశ్న అడిగితే కాఫీ తెప్పించడం మాస్టారి అలవాటు. కాఫీ వచ్చింది.

మూడేళ్ళకు సూరమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయాడు. పుట్టింటి మేనల్లుళ్ళు బత్తాయిలు తెచ్చి, ఇంటి స్థలం కొలతలడిగి వెళ్ళారు. మంగాయమ్మ మాత్రం పిలవకుండానే వచ్చి అన్నం కలిపి పెట్టింది.

ఒకనాడు ఇద్దరూ ఆటోలో వచ్చారు. సూరమ్మ మెట్లెక్కలేదు; గురుశిష్యులే ల్యాప్‌టాప్‌తో కిందికి దిగారు.

"దీన్ని మళ్ళీ పెట్టగలరా మాస్టారూ? కొత్త ఫొటో తీయించుకుందామంటే నా చెయ్యి లేవదు."

"ఇప్పుడెందుకక్కా? నా మొహం చూసి కొంటారా ఎవరైనా?"

"నువ్వూరుకోవే!"

గీకి పారేసుంటే? అనుకున్నాడు అప్పలస్వామి. మాస్టారు ల్యాప్‌టాప్ అతని చేతికిచ్చారు. అతను గోడ రేకును కనిపించకుండా చేశాడు. మంగాయమ్మ ఎక్కడికీ పోలేదు. రేకు పట్టుకుని అలాగే నవ్వుతోంది. సూరమ్మ ఎడమచేత్తో తెరమీద ఆ చేతిని తడిమింది.

మరుసటి వేసవిలో సూరమ్మ పోయింది. ఇల్లూ, కుండా, వెబ్‌సైటు పేరూ మంగాయమ్మకు రాసింది. మేనల్లుళ్ళకు ఏమీ రాలేదు. మాస్టారికి మంగాయమ్మ ఒక డబ్బా బెల్లం రేకులు పంపింది. సగం అప్పలస్వామే తిన్నాడు. తింటూనే అడిగాడు:

"ఆ గోడముక్క ఇంకా ఫైల్లోనే ఉందండీ. ఇక తీసెయ్యనా?"

"ఉంచవయ్యా" అన్నారు మాస్టారు. "అదీ సూరమ్మగారు అడిగిందేగా."