సరే అన్నవాళ్ళు

అడిగినదానికి సుదర్శనం మాస్టారి నోట సూటిగా జవాబు రావడం గగనం. విజయనగరంలో ఆయన దగ్గర కంప్యూటరు నేర్చుకున్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా హైమవతి ఆ వేళ ఆయన్ని నిలదీసింది.

కంప్యూటరు మొరాయించిన వాళ్ళకు ఫోనులో ఉపాయం చెప్పడం ఆమె ఉద్యోగం. పొద్దస్తమానం అవే పొడి అక్షరాలు: ఐపీ, డీఎన్ఎస్, ఓఎస్. చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. కిందటి వారం పర్వతీశం అనే బడిపంతులు ఫోను చేస్తే, "హెచ్‌డీడీ ఫార్మాట్ కొట్టి ఓఎస్ మళ్ళీ వేసుకోండి" అంది. అలా చేస్తే అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది. ఆయన సరే అన్నాడు, చేశాడు. ముసలమ్మల దగ్గర కూర్చుని రికార్డు చేసుకున్న దంపుళ్ళ పాటలన్నీ పోయాయి. పాడినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. మళ్ళీ ఫోను చేసి ఆయన తిట్టలేదు, ఏడ్చాడు. అప్పట్నుంచి హైమవతికి అన్నం సయించడం లేదు. జరిగిందంతా మాస్టారికి చెప్పుకుంది.

"అర్థం కాకపోతే అడగాలి కదా మాస్టారూ! సరే అని ఎందుకన్నట్టు? ఇహ నా వల్ల కాదు, మానేస్తాను."

మాస్టారు చెప్పులు వేసుకుంటూ, "కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, తోడు రామ్మా" అన్నారు.

ఆసుపత్రి కిటకిటలాడుతోంది. డాక్టరు చిన్నవాడే, కాని ముఖం పీక్కుపోయి ఉంది. మాస్టారి కళ్ళు పరీక్షించి, తల ఎత్తకుండా రాసుకుంటూనే చెప్పాడు. "ఐఓపీ బాగా పెరిగింది. ఓసీటీ, వీఎఫ్ చేయించండి. అశ్రద్ధ చేస్తే చూపు పోతుంది. అర్థమైందా అమ్మా?"

"అర్థమైందండీ" అంది హైమవతి.

బయట బల్ల మీద కూర్చున్నాక మాస్టారు నెమ్మదిగా అడిగారు. "నాకు ఏం పెరిగిందటమ్మా?"

ఆయన చూపు పోతుందన్న మాట తప్ప హైమవతికి మరేమీ తెలియలేదు. భయమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"తెలీదు మాస్టారూ."

"మరి అర్థమైందన్నావు?"

"ఆయన బాగా అలసిపోయి ఉన్నారు. మళ్ళీ అడిగి విసిగించడం ఎందుకని..."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళడానికి లేచి నిలబడ్డారు.

"ఫోనులో నీ గొంతు కూడా పర్వతీశానికి అలాగే వినిపించి ఉంటుందమ్మా" అన్నారు.