కొమ్మ మీది దండోరా

"ఎర్ర పండ్లు అందరూ తినచ్చహో!"

నల్లగుట్ట అడవిలో ఏటి బాట పొడవునా ఆ కేక వినిపించింది. దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు మెడలెత్తాయి. ఎత్తవూ మరి? వానల్లేక గడ్డి మాడిపోయింది. అందరి డొక్కలూ లోపలికి పోయాయి.

కేక వేసింది కొండముచ్చు సింగన్న. ఆ అడవిలో ఓ కట్టుబాటు ఉంది పిల్లలూ. కొత్త తిండి కనబడితే సింగన్న అందరినీ విచారించి, మంచిదని తేలాకే దండోరా వెయ్యాలి. విచారించాడు కూడా. కాకపోతే దొరగారు చెట్టు దిగరు కదా! కొమ్మల మీది గోరింకల్ని, పికిలిపిట్టల్ని, కోకిలల్ని అడిగాడు. కొత్తగా కాసిన ఎర్ర పండు బ్రహ్మాండంగా ఉందని అన్నీ అన్నాయి.

దుప్పి గౌరమ్మ కూన ఆకలికి నిలబడలేక తూలుతోంది. గౌరమ్మ గబగబా ఓ పండు తెచ్చి దాని ముందు పెట్టింది. కూన నోరు తెరిచింది.

అంతలో ముళ్ళు విప్పుకుని ఏదుపంది నీలమ్మ అడ్డం నిలబడింది.

"సింగన్నా, ఎవరెవర్ని అడిగావు?"

"అందరినీ అడిగానత్తా. ఒక్కరూ కాదనలేదు."

"నమిలి తినేవాళ్ళని ఒక్కరినైనా అడిగావా?"

సింగన్నకు రోషం వచ్చింది. అత్తకు చాదస్తం ముదిరిందని వెక్కిరించాడు. గౌరమ్మకూ కోపమే. నా బిడ్డ చచ్చాక విచారిస్తావా అని కసిరింది. నీలమ్మ మాత్రం కదల్లేదు.

"ఇటు చూడండి" అంటూ సింగన్న ఓ పండు నోట్లో వేసుకుని గింజతో సహా కరకరా నమిలాడు. ముందు నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు వంకరపోయింది. మూతి వాచింది. పొట్ట పట్టుకుని కొమ్మ మీంచి దభీమని కింద పడ్డాడు.

పిట్టలు హడలిపోయాయి. "మేం అబద్ధం చెప్పలేదు. మేం గింజ నమలం, గుటుక్కున మింగేస్తాం. అది అలాగే బయటికి పోతుంది" అంది గోరింక.

విషమంతా గింజలోనే ఉందేమోనని నీలమ్మకు తోచింది. అయినా తొందరపడలేదు. గింజ తీసేసి తను కాస్త కొరికింది. ఓ అడవిపందితో, ఓ కుందేలుతో, గౌరమ్మతో కూడా కాస్తకాస్త కొరికించింది. పొద్దు వాలేదాకా ఆగమంది. కూన నేల మీద వాలిపోయింది. గౌరమ్మ దాని ఒళ్ళు నాకుతూ కూర్చుంది.

పొద్దు వాలింది. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు గౌరమ్మ తనే గింజ తీసిన పండు కూన నోటికి అందించింది. కూన చప్పరించింది. మెల్లగా లేచి ఇంకోటి కావాలని తల్లిని పొడిచింది.

ఆ రోజు నుంచీ విచారించే పని నీలమ్మకే అప్పగించారు. పొట్ట నొప్పి తగ్గిన సింగన్న వాచిన మూతితో నేల మీదే కూర్చుని, అందరికీ గింజలు తీసిపెట్టాడు. రెక్కలవాళ్ళూ, కాళ్ళవాళ్ళూ బంతి కట్టి కూర్చుని కడుపునిండా తిన్నారు.

నీతి: కొందరిని అడిగి తెలుసుకున్నది వాళ్ళలాంటి వాళ్ళకే చెల్లుతుంది, అందరి సంగతీ చెప్పాలంటే అన్ని రకాల వాళ్ళనీ అడగాలి.