పొన్నూరులో ఆగిన కారు

శేషుమాంబగారి దగ్గర పాఠం వినేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ప్రశ్న అడిగిన రోజున ఆవిడ జవాబు చెప్పరు. విన్నారో లేదో కూడా తెలియనివ్వరు. సంస్కృతం లెక్చరరుగా రిటైరయ్యాక గుంటూరులో తమ మేడ మీద శనివారం సాయంత్రాలు ఉపనిషత్తులు చెప్పేవారు. వచ్చేది పదిమందో పన్నెండుమందో. వాళ్ళలో హైమావతి ఒకతె.

హైమావతికి నలభై ఆరేళ్ళు, తపాలా ఆఫీసులో ఉద్యోగం. రెండేళ్ళ కిందట రొమ్ము క్యాన్సరుకి ఆపరేషన్ అయింది. మందులెక్కించారు, జుట్టంతా ఊడింది, మళ్ళీ వచ్చింది. ఆ అక్టోబరులో డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, ఇక ఏడాదికోసారి కనిపిస్తే చాలన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగుతూనే ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. గుంటూరు నుంచి సూర్యలంక సముద్రం దాకా, అరవై కిలోమీటర్లు, సైకిలు మీద వెళ్ళాలి. ఒక్కతే వెళ్ళాలి. బతికినందుకు తనకు తాను చేసుకునే పండగ అది. రెండు నెలలు రోజూ తెల్లారకముందే లేచి తొక్కడం సాధన చేసింది.

ఆ ‘ఒక్కతే’ అన్న మాట అన్నగారి చెవికెక్కలేదు. భుజంగరావుకి ఎరువుల కొట్టుంది. భార్య పోయినప్పటి నుంచి చెల్లెలి దగ్గరే ఉంటున్నాడు. కారులో వెనకే వస్తానన్నాడు. గ్లూకోజు, కొబ్బరిబొండాలు, దుప్పటి, దెబ్బలకి కట్టే గుడ్డలు సర్దాడు. దారిలో ఆపి చూడడానికి బీపీ మిషను కొన్నాడు. పొన్నూరులో పెదనాన్నగారి కోడలికి ఫోన్ చేసి దండ సిద్ధంగా ఉంచమన్నాడు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. సరే అంటే ఇంకోటి మొదలుపెడతాడు. బయల్దేరే ముందురోజు, పాఠం అయ్యాక హైమావతి ఇక ఉండబట్టలేక అడిగేసింది.

“నా మేలు కోరేవాళ్ళని చూస్తే నాకింత విసుగెందుకమ్మా? నాకు కృతజ్ఞత లేదా?”

శేషుమాంబగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. రేపు ఆ కారులో ఇంకొకరికి చోటుంటుందేమో కనుక్కోమన్నారు. హైమావతికి నీరసం వచ్చింది. ఒకరు చాలక ఇద్దరా అనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

మర్నాడు మంచు ఇంకా విడవలేదు, అప్పుడే ప్రయాణం మొదలైంది. శేషుమాంబగారు కారులో వెనక సీట్లో కూర్చున్నారు. వెనక నుంచి కారు లైట్లు ఆవిడ నీడని రోడ్డు మీద పొడుగ్గా పరిచాయి. తన నీడనే తను తొక్కుకుంటూ పోతున్నట్టుంది. గుంత కనిపిస్తే హారన్, లారీ వస్తే హారన్, ఏమీ రాకపోయినా ఆవిడ అలిసిందేమోనని హారన్. బరువెందుకని ఆవిడ ఫోను కూడా తీసుకుని కారులో పెట్టుకున్నాడు. చేబ్రోలు దగ్గర ఆపి బీపీ చూస్తే నూటయాభై ఉంది. భుజంగరావు మొహం పాలిపోయింది, సైకిలు కారు మీదికి ఎక్కించేద్దామన్నాడు. నువ్వు దూరంగా ఉండి చూస్తే నూటఇరవై ఉంటుందని హైమావతికి నోటిదాకా వచ్చింది. మింగేసి మళ్ళీ సైకిలెక్కింది.

పొన్నూరులో దండ పడింది, ఫొటోలు తీశారు, తీసినవి బాగా రాలేదని మళ్ళీ తీశారు. ఇంతలో శేషుమాంబగారు కారు దిగి, తనకి ఆకలేస్తోందనీ, కదిలే బండిలో తినడం తనకి అలవాటు లేదనీ చెప్పారు. ఎదురుగా చిన్న ఇడ్లీ హోటలుంది. చెల్లెలు ముందు పోతుందేమోనని భుజంగరావు సందేహిస్తుంటే, “మెట్టు ఎత్తుగా ఉంది నాయనా, కాస్త చెయ్యి పట్టుకో” అన్నారు. పట్టుకున్న చెయ్యి ఆవిడ మళ్ళీ వదల్లేదు. నువ్వు పదమ్మా, వెనకే వస్తామని హైమావతికి కళ్ళతోనే చెప్పారు.

బాపట్ల రోడ్డు మీద హైమావతి పదిసార్లు వెనక్కి తిరిగి చూసింది. కారు లేదు. ఇన్నాళ్ళూ వద్దనుకున్నది లేకపోయేసరికి ఇంకో విసుగు పుట్టింది. ఈ వయసులో శేషుమాంబగారికి ఈ ప్రయాణం ఎందుకు, బయల్దేరేముందే తినొచ్చుగా అనుకుంది. కోతలైపోయిన పొలాల మధ్య సైకిలు గొలుసు ఊడిపోయింది. ఫోను లేదు, మనిషి లేడు. రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని గొలుసు ఎక్కిస్తుంటే వేలు నలిగింది. అప్పుడు నోరు విప్పింది. గొలుసుని తిట్టింది, అన్నయ్యని తిట్టింది, శేషుమాంబగారిని తిట్టింది, రెండేళ్ళుగా ఒక్కమాటా అనకుండా సహించిన ఆ జబ్బుని తిట్టింది. గట్టు మీద పోతున్న రైతొకాయన నిలబడి చూశాడు. అయినా ఆవిడ తిట్టడం ఆపలేదు. అనాల్సినవన్నీ అయ్యాక చేతులు గడ్డికి తుడుచుకుని సైకిలెక్కింది. ఎవరో వెనక నుంచి తోస్తున్నంత తేలిగ్గా కదిలింది.

పదకొండింటికి సముద్రం కనిపించింది. పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆకలి మాత్రం విపరీతంగా వేసింది. నల్లటి చేతులతోనే ఇసుకలో కూర్చుని రెండు మొక్కజొన్న పొత్తులు తిని, అలల్ని చూస్తూ ఉండిపోయింది. ఆ గంటసేపూ ఎవరూ ఆవిడని ఎలా ఉందని అడగలేదు.

పన్నెండు దాటాక కారొచ్చింది. అన్నగారిని అడగాల్సిన నాలుగు మాటలూ హైమావతి అప్పటికే పేర్చి పెట్టుకుంది. భుజంగరావు దిగాడు. కళ్ళు రెండూ ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. బీపీ మిషను తియ్యలేదు, గ్లూకోజు కలపలేదు. “వచ్చేశావా” అని మాత్రం అని, చెప్పులు విడిచి నీళ్ళ వైపు నడిచి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ పేర్చుకున్న మాటలు అక్కడే ఆగిపోయాయి.

శేషుమాంబగారు నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చున్నారు.

“రెండు ఇడ్లీలకి మూడు గంటలా అమ్మా?” అంది హైమావతి. గొంతులో విసుగు ఇంకా ఉంది గానీ, ఎవరి మీదో తెలియడం లేదు.

“ఇడ్లీలు పదినిమిషాల్లోనే అయిపోయాయే. నీ సైకిలు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది, మీ అన్నయ్య మొదలుపెట్టాడు. నీ ఎదుట దాచుకున్న రెండేళ్ళ ఏడుపు. తొందరపెట్టడం నాకు చేతకాలేదు.”