తేనెకొండ కింద నడక మిషను

తేనెకొండ కింద జీడితోటలో ఒక పెంకుటి బంగళా ఉండేది. కట్టించుకున్నవాళ్ళు పట్నంలోనే ఉండిపోవడంతో తోటంతా కుందేళ్ళకీ, కౌజుపిట్టలకీ, మైలడనే ముసలి ఎద్దుకీ మిగిలింది. మైలడు వయసులో ఉండగా గానుగ తిప్పినవాడు. ఇప్పుడు మెడ మీద కాడి లేదు, ముక్కుకి తాడు లేదు. పగలంతా జీడిచెట్ల నీడన పడుకుని, నెమరేస్తూ, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తుండేవాడు.

కుందేళ్ళలో పెద్దది నాంచారి. తెల్లవారితే చాలు, దానికి పాత రోజులు గుర్తొచ్చేవి. చిన్నప్పుడు వాళ్ళమ్మ పిల్లలందర్నీ లేపి, తోట చుట్టూ వేసిన ముళ్ళకంచె సందులోంచి ఒక్కొక్కరినీ బయటికి తోసి, మంచు ఆరకముందే కొండెక్కించేది. దారి పొడవునా తడిసిన తంగేడు వాసన. పైన లేత గరిక. ఆకలేస్తే తినడం, కాళ్ళు లాగితే కూర్చోవడం. అంతకుమించి ఎవరూ ఏమీ లెక్కపెట్టుకునేవాళ్ళు కాదు.

సగం దారిలో సూరప్ప అనే నక్క కాపు కాసేవాడు. ఎర్రటి తోక, నిగనిగలాడే ఒళ్ళు. వాడు తరిమేవాడు, వీళ్ళు పరుగెత్తేవాళ్ళు. నాంచారి మొగుడైతే వాడిని వంకర దారుల్లో తిప్పి తిప్పి, చివరికి కొండకొమ్మున నిలబడి చెవులు ఊపేవాడు. కింద సూరప్ప తిట్లు లంకించుకునేవాడు. మొగుడు పోయి మూడేళ్ళయినా ఆ చెవులు నాంచారి కళ్ళముందు కదులుతూనే ఉన్నాయి.

వానలు వెనకబట్టాక ఒకరోజు సూరప్ప తోటలోకే వచ్చాడు. నోట్లో ఒక జామకాయ. తోక సగం ఊడిపోయి ఉంది. కుందేళ్ళన్నీ పొదల్లో దూరాయి.

"పారిపోకండి. ఇంకెక్కడి తరమడం? పళ్ళు కదిలిపోయాయి. జామకాయ కొరకడానికే పొద్దు పడుతోంది," అన్నాడు జామకాయ కింద పెట్టి. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఉసురు పెట్టాను. పోయేలోగా ఒక్క మంచిపని చేద్దామనుంది."

"నీ మంచిపని ఏంటో నువ్వే చెప్పు మామా," అంది నాంచారి పొదలోంచే.

"రండి, చూపిస్తాను."

బంగళా వరండాలో దుమ్ము పట్టిన దుప్పటి ఒకటి లాగాడు. దానికింద నల్లటి పట్టీ, రెండు పిడులు, ముందు ఒక చిన్న పలక. సూరప్ప పట్టీ మీదకెక్కి నాలుగడుగులు వేశాడు. పట్టీ వెనక్కి జారింది, వాడు ఉన్నచోటే ఉన్నాడు. పలకలో పచ్చటి అంకెలు వెలిగాయి.

"పట్నంవాళ్ళు ఇంట్లోనే ఉండి నడిచే మిషను. కరెంటు అక్కర్లేదు, కాళ్ళుంటే చాలు. ఈ అంకె చూశారా? క్యాలరీలు. మనం తిన్న తిండి ఒంట్లో ఎంత కరిగిందో చెబుతుంది. నూరు కరిగితే ఒక చిలగడదుంప తినొచ్చు. ఒంటికి పట్టదు. అంత కొండ ఎక్కి దిగడం ఎందుకు చెప్పండి, పాములూ, డేగలూను!"

"నక్కలూను," అంది నాంచారి.

"ఆ నక్క ఇదిగో, జామకాయలు తింటున్నాడు," అని నవ్వాడు సూరప్ప.

నాంచారి కూతురు రేలమ్మ అప్పటికే పట్టీ మీదకెక్కేసింది. మాట మీద మాట వేసే రకం, ముగ్గురు పిల్లల తల్లి. నాలుగు నిమిషాలు నడిచి పలక వంక చూసి కేకేసింది. "అమ్మా! నూటపది! కొండెక్కినప్పుడు ఎంత కరిగిందో నాకెవరైనా చెప్పారా? ఇది చెప్పింది!"

సూరప్ప బంగళా వెనక మడిలోంచి ఎర్రటి చిలగడదుంప తవ్వి దాని ముందు పెట్టాడు.

ఇక అప్పట్నుంచి తోటలో అంకెలే మాటలు. "నీదెంత?" "నూటతొంభై." "అబ్బో, నాది రెండొందలు దాటింది." పొద్దున్నే కొండకి బయల్దేరేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కొన్నాళ్ళు నాంచారి ఒక్కతే వెళ్ళింది. ఒక్కతే ఎక్కితే కొండ మీద గాలి కూడా పరాయిదానిలా అనిపించింది. చివరికి అదీ మానేసింది. మానేశాక మిషనూ ఎక్కింది, దుంపలూ తింది. దుంపలు తియ్యగానే ఉన్నాయి మరి.

నెల తిరక్కుండా బుల్లెమ్మ అనే కౌజుపిట్ట కనపడకుండా పోయింది. ముందురోజే నాలుగొందలు నడిచానని చెప్పుకుని, మెడదాకా దుంపలు మెక్కింది. మర్నాడు కంచె పక్కన గుప్పెడు ఈకలు.

"పిట్ట కదా, ఎక్కడికో ఎగిరి ఉంటుంది," అన్నాడు సూరప్ప.

"ఎగరలేకే పోయి ఉంటుంది," అనుకుంది నాంచారి. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కాళ్ళు మాత్రం వాటంతటవే కంచె దగ్గరికి తీసుకుపోయాయి. చిన్నప్పట్నుంచీ దూరిన సందు. తల పట్టింది. భుజాలు పట్టాయి. నడుము దగ్గర ఇరుక్కుపోయింది. ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. ముళ్ళు గీరుకుంటూ, బొచ్చు ఊడుతూ ఎలాగో బయటపడేసరికి ఎండ నెత్తికెక్కింది.

రేలమ్మకి చెబితే తేలిగ్గా తీసిపారేసింది. "వానలకి కంచె గుబురెక్కింది లేమ్మా. నీ అంకె రోజూ రెండొందలు పైనే కదా, లావెలా అవుతావు?"

నాంచారి మైలడి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"ఏమ్మా, అలా ఉన్నావు?" అన్నాడు మైలడు.

"అన్నా, గానుగ తిప్పేటప్పుడు నువ్వెంత కష్టపడ్డావో నీకెలా తెలిసేది?"

మైలడు నెమరు ఆపి ఆలోచించాడు. "తొట్టి దగ్గర నీళ్ళు తాగేటప్పుడు తెలిసేది. పడుకున్నప్పుడు తెలిసేది. కొబ్బరి ఆడిన రోజు ఒకలా, నువ్వులు ఆడిన రోజు ఇంకోలా. మా గానుగాయన నా మెడ మీద చెయ్యేసి చూసి, ఈపూటకి చాలు అనేవాడు. ఆ చెయ్యి ఇప్పటికీ ఇక్కడున్నట్టే ఉంటుంది."

"ఒకసారి వరండాలోకి రాన్నా. నీ కాలితో పనుంది."

సూరప్ప మడి దగ్గర కునుకుతున్నాడు. నాంచారి కూతుర్ని పిలిచింది. పట్టీ మీద ఒకచోట ఎర్ర గీత ఉంది. ఆ గీత యాభైసార్లు తిరిగేదాకా నడవమంది. రేలమ్మ నడిచింది. పలక మీద అరవై.

"ఇప్పుడు నువ్వు, అన్నా. ఎక్కక్కర్లేదు. ముందుకాలు పెట్టి పట్టీని జరుపు."

మైలడు కింద నిలబడే గిట్ట ఆన్చి పట్టీని లాగాడు. మిగతా మూడు కాళ్ళూ కదల్లేదు, నోట్లో నెమరూ ఆగలేదు. ఎర్ర గీత యాభైసార్లు తిరిగింది. పలక మీద అరవై.

రేలమ్మ చెవులు వాలిపోయాయి. "అంత ఎద్దుకీ, ఇంత కుందేలుకీ ఒకటే అంకెనా?"

"పట్టీ ఎంత తిరిగిందో దీనికి తెలుసు తల్లీ," అన్నాడు మైలడు. "ఎవరు తిప్పారో దీనికేం తెలుసు? ఎవరో పట్నం మనిషి బరువుని మనసులో పెట్టుకుని అందరికీ అదే చెబుతోంది."

"అయితే నేను తిన్న దుంపలన్నీ..."

"ఒంట్లోనే ఉన్నాయి," అంది నాంచారి. "నా ఒంట్లోనూ ఉన్నాయి. బుల్లెమ్మని ఆ దుంపలే ఎగరనివ్వలేదు. సూరప్ప కాళ్ళలో పరుగు అయిపోయింది. అందుకని మన కాళ్ళలో పరుగు తీసేస్తున్నాడు."

రేలమ్మ తన ముగ్గురు పిల్లల వైపు చూసింది. దుంపలు తిని గుండ్రంగా అయిపోయి, వరండా మెట్టు ఎక్కడానికే ఆయాసపడుతున్నాయి. దానికి ఏడుపు తన్నుకొచ్చింది. "ఇప్పుడు పరుగెత్తమంటే ఎవరు పరుగెత్తగలరమ్మా? ఇవాళే మీద పడితే?"

"ఇవాళ పడడు. ఇంకా బలుస్తామని చూస్తాడు," అంది నాంచారి.

మర్నాడు తెల్లవారుతుండగా వరండాలోంచి చప్పుడు వినిపించి నాంచారి గోడచాటున నక్కి చూసింది. సూరప్ప మిషనెక్కి ఉన్నాడు. ముందుకాళ్ళతో పిడులు పట్టుకుని, బరువంతా వాటి మీద వేలాడేసి, వెనక్కాళ్ళు ఊరికే ఆడిస్తున్నాడు. పలక మీద తొమ్మిదొందలు. వాడు ఆ అంకెని తల వంచి చూశాడు, పక్కకి తిరిగి చూశాడు, సగం ఊడిన తోక నిగిడించాడు. వాడి ముఖంలో వెనకటి సూరప్ప కనిపించాడు నాంచారికి. నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. కుందేళ్ళ అంకె అబద్ధమని వాడికి తెలుసు. తన అంకె మాత్రం నిజమనుకుంటున్నాడు.

అప్పుడే చూసినట్టు మెట్లెక్కింది. "అమ్మో, తొమ్మిదొందలే! మామా, నీకు మళ్ళీ పాత ఒళ్ళు వస్తోంది."

"నిజంగానా?" అన్నాడు సూరప్ప. వెంటనే గొంతు సవరించుకున్నాడు. "ఏదో, పొద్దుపోక. అన్నట్టు, వచ్చే ఆదివారం అందరికీ ఇక్కడే దుంపల విందు పెడదామనుకుంటున్నాను. పిల్లాజెల్లా అంతా రావాలి."

వరండాకి ఉన్నది ఒకటే దారి. నాంచారి దాని వంక చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"ఆదివారమెందుకు మామా? దుంపలింకా ఊరాలి. పక్షం రోజులు ఆగితే మేమూ వెయ్యేసి అంకెలకి వస్తాం. అప్పుడు విందంటే విందులా ఉంటుంది. అదీకాక, విందుకి ముందు అందరం ఒకసారి కొండెక్కుదాం. నువ్వూ రావాలి. నువ్వు లేకుండా ఆ కొండేం బాగుంటుంది?"

సూరప్ప కళ్ళు మెరిశాయి. పక్షం రోజులంటే ఇంకా బలుస్తారు. కొండవాలులో దాక్కునేంత గుబురు పొదలుండవు. తనకా తొమ్మిదొందలు. "నీ మాట కాదనలేను నాంచారీ," అన్నాడు.

ఆ పక్షం రోజులూ తోటలో ఏం జరిగిందో సూరప్పకి తెలియలేదు. వాడు వెలుగు రాగానే మిషనెక్కి తన అంకె తాను చూసుకుంటుండగా, కుందేళ్ళు కొత్తగా కొరికి వెడల్పు చేసుకున్న సందులోంచి కొండకి పోయేవి. మొదటిరోజు పాతిక గజాలకే కూలబడ్డాయి. రేలమ్మ చిన్నకొడుకు ఏడ్చాడు. "ఎంత కరిగిందో కూడా తెలియట్లేదు, ఎందుకిది?" అని అడిగాడు.

"ఆ గరిక వాసన వస్తోందా? అక్కడిదాకా పద," అంది నాంచారి.

నాలుగోరోజుకి సగం కొండ. పదోరోజుకి కొమ్ము. గాలి ఈసారి పరాయిగా లేదు. నాంచారి అక్కడ నిలబడి, ఎవరూ చూడకుండా ఒక్కసారి చెవులు ఊపింది.

దిగివచ్చేసరికి సూరప్ప అలసి నిద్రలో ఉండేవాడు. మైలడు వరండా పక్కన నిలబడి, గిట్టతో పట్టీ లాగుతూ, ఒక్కొక్క కుందేలు పేరు మీదా వెయ్యి చొప్పున తిప్పేవాడు. సూరప్ప లేచి పలక చూసుకుని మురిసిపోయి, పదేసి దుంపలు తవ్వి ఇచ్చేవాడు. అవన్నీ మైలడి నోట్లోకే పోయేవి. చలికాలపు బొచ్చు గుబురుగా పెరగడంతో కుందేళ్ళు చూడటానికి బొద్దుగానే ఉండేవి. ముసలి కళ్ళకి ఆ మాత్రం చాలు.

విందు రోజు వచ్చింది. కొండ మొదట్లో అందరూ చేరారు. సూరప్ప నాలిక పెదాల మీద ఒకసారి తిప్పుకుని, ఇంక ఆగలేక, "నాంచారీ, పాత ఆట ఒక్కసారి ఆడదామా?" అన్నాడు.

"ఆడదాం మామా," అంది నాంచారి. పిల్లల వైపు తిరిగి, "పరుగెత్తండి!" అని అరిచింది.

సూరప్ప దూకాడు. మొదటి దూకు నిజంగా వెనకటి సూరప్పదే. రేలమ్మ చిన్నకొడుకు తోక వాడి ముక్కుకి తగిలినంత పనైంది. పిల్లాడు చటుక్కున పక్కకి విరిగాడు, తాత తిరిగినట్టే. సూరప్ప తిరగబోయి జారాడు. లేచాడు, పది గంతులు వేశాడు, ఇరవై వేశాడు. పట్టీ అయితే కాళ్ళకింద తనంతట తనే జారేది. కొండ జరగలేదు. పట్టుకు వేలాడటానికి పిడులు లేవు. సగం వాలు కూడా రాకుండానే కాళ్ళు వణికి, ఒక రాతి పక్కన పడిపోయాడు. కుందేళ్ళన్నీ కొమ్ము చేరాయి.

నాంచారి ఒక్కతే కాస్త కిందికి దిగి, అందనంత దూరంలో కూర్చుంది.

"మామా, బుల్లెమ్మని తిన్నది నువ్వే కదా?"

సూరప్ప కళ్ళు దించుకున్నాడు. ఒగర్పు తగ్గాక, "తొమ్మిదొందలు నాంచారీ," అన్నాడు మెల్లిగా. "నా కళ్ళతో చూశాను."

"మా అంకెలు అబద్ధమని నీకు తెలుసు. నీదెలా నమ్మావు?"

వాడు కొండకొమ్ము వైపు చూశాడు. "నువ్వు బాగున్నావని ఈ వయసులో నాకెవరు చెబుతారు? అదొక్కటే చెప్పింది."

వీడు తరిమిన పొద్దులు, మొగుడు నవ్విన పొద్దులు ఒకటే కదా అనిపించింది నాంచారికి. కంచె పక్కన ఈకలు కూడా గుర్తొచ్చాయి. అందుకే ఇంకొక్క అడుగు కూడా కిందికి వెయ్యలేదు.

"ఈ తోటలో నీకు చోటు లేదు మామా. వాగు దిగువన పీతలున్నాయి, నేరేడుచెట్లున్నాయి. నీ కాళ్ళకి అది చాలు. మెల్లిగా పో."

సూరప్ప రాయి పట్టుకుని లేచి, నాలుగడుగులకోసారి ఆగుతూ వాగు వైపు దిగిపోయాడు. ఒకప్పుడు ఈ కొండంతా వణికించిన నక్క, తాను చూపించిన మిషను చేతిలోనే మోసపోయి, ఆ తర్వాత పీతలు ఏరుకుంటూ బతికాడు.

ఎదుటివాళ్ళని ముంచడానికి తెచ్చిన అబద్ధం తనని మెచ్చుకుందంటే, దాన్ని తెచ్చినవాడే ముందు మునుగుతాడు.